తెరిచిన ఫైలు - వేసిన తాళం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పి, పెన్షను అనేది ఎవరి దయాదాక్షిణ్యమూ కాదని, చేసిన సేవకు దక్కే హక్కని తేల్చింది. ఆ తీర్పును గురించి నాకన్న బాగా చెప్పగలవారు ఇక్కడే ఉన్నారు గనుక నేనా జోలికి పోను. కార్యదర్శి గారు నన్ను "కంప్యూటరు మీద నాలుగు ముక్కలు చెప్పండి" అని ఆదేశించినారు. కంప్యూటరు చేసినవారు చాలామంది ఉండగా నన్నెందుకు అడిగినారని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. 1972లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. ముప్పై ఆరేండ్లలో నేను నడిపిన యంత్రం స్టాప్లరు ఒక్కటే.

అయితే మొన్న దసరాకు మా పెద్దబిడ్డ కొడుకు అమ్రాబాద్ వచ్చినాడు. హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగం. పండుగ పూట కూడా అరుగుమీద కంప్యూటరు పెట్టుకొని కూర్చున్నాడు. ఉండి ఉండి "లాక్ పడలేదు, అందుకే పోయింది" అని తనలో తాను అనుకుంటున్నాడు. "ఏం తాళం బిడ్డా, ఏం పోయింది?" అని అడిగినాను. "ఫైలు తాళం తాతా. ఇద్దరు ఒకేసారి దిద్దినారు. ఒకరి దిద్దుబాటు పోయింది" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు 1978 సంవత్సరం గుర్తుకొచ్చింది. ఎందుకో తర్వాత చెప్తాను. ఆ మూడు రోజులు వాడు చెప్పగా, నేను మన ఆఫీసు భాషలోకి మార్చుకొని అర్థం చేసుకున్నదే ఈరోజు మీకు మనవి చేస్తాను.

కంప్యూటరులో అన్నిటికన్న అడుగున ఉండి పని నడిపించే ప్రోగ్రామును కెర్నల్ అంటారు. కెర్నల్ అంటే గింజలోపలి పప్పు. మన అడవిలో చెంచులు సారకాయలు ఏరి, పెంకు పగులగొట్టి సారపప్పు తీస్తారు గదా, అదే పోలిక. మనం టైపుచేసిన ఆదేశాలను అందుకునే పైపొర పేరు షెల్, అంటే పెంకు. లోపలిది పప్పు. ఈ పేర్లు పెట్టినవారు మన మన్ననూరు సంత చూసినారేమోనని నేనంటే మా మనుమడు నవ్వినాడు.

ఈ కెర్నల్ మన రికార్డు కీపరువంటివాడు. డిస్కు అనేది రికార్డు రూము. ఏ గుమాస్తా కూడా రికార్డు రూములోకి నేరుగా పోయి బీరువా తెరవరాదు, రిక్విజిషన్ స్లిప్పు రాసి కీపరు చేతికి ఇవ్వాలి. కంప్యూటరులో ప్రతి ప్రోగ్రామూ అట్లనే "ఫలానా ఫైలు తెరిచి ఇవ్వండి" అని కెర్నల్‌ను అడుగుతుంది. ఆ అడగడాన్నే ఓపెన్ అంటారు. కెర్నల్ ఫైలును చేతికివ్వడు, ఒక నెంబరు ఇస్తాడు. ఇక ఏమి చదవాలన్నా, రాయాలన్నా ఆ నెంబరు చెప్పాలి. ప్రోగ్రాము మొదట తెరిచిన ఫైలుకు సాధారణంగా 3వ నెంబరు వస్తుంది. 0, 1, 2 నెంబర్లు కీబోర్డుకు, తెరకు, తప్పులు చెప్పే దారికి ముందే కేటాయించి ఉంటాయి.

ఇక్కడ కీపరు ఒక ప్రశ్న అడుగుతాడు. "ఎందుకు కావాలె?" ఈ ప్రశ్నకు ప్రోగ్రాము ఇచ్చే జవాబునే ఫ్లాగులు అంటారు. ఫ్లాగులు మనకు కొత్త కాదు. ఫైల్లో ఫ్లాగ్ ఎ, ఫ్లాగ్ బి అని చీటీలు గుచ్చి పైకి పంపినవాళ్ళమే. కంప్యూటరు ఫ్లాగులు కూడా అట్లాంటి చీటీలే. పేపరుమీద గాక అంకెలలో ఉంటాయి.

అమెరికాలో బెల్ లాబొరేటరీస్ అనే సంస్థలో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ అనే ఇద్దరు 1969 నుండి యూనిక్స్ అనే వ్యవస్థను తయారుచేసినారు. ఈనాడు మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉన్న లినక్స్ కెర్నల్, 1991లో లినస్ టోర్వాల్డ్స్ రాసింది, ఆ యూనిక్స్ దారిలో నడిచినదే. మొదట్లో వారు పెట్టినవి మూడే జవాబులు. సున్న అంటే చదవడానికి, ఒకటి అంటే రాయడానికి, రెండు అంటే రెండింటికీ. కొత్త ఫైలు పుట్టించడానికి వేరే ఆదేశం ఉండేది. దాని పేరు క్రియేట్ అని ఉండవలసింది, చివరి అక్షరం 'ఇ' లేకుండా పెట్టినారు. మళ్ళీ చేస్తే ఏమి మారుస్తారని తర్వాత ఎవరో అడిగితే, ఆ అక్షరం చేరుస్తానని థామ్సన్ గారు చమత్కరించినారట. ముప్పై ఆరేండ్లు అక్షరదోషాలమీద మెమోలు తిన్నవాణ్ణి గనుక నాకీ సంగతి మహా సంతోషం కలిగించింది.

తర్వాత తర్వాత ఫ్లాగులు పెరిగినాయి. వాటిలో మూడింటిని మాత్రం చెప్తాను. ఈ మూడూ అర్థమైతే చాలు.

మొదటిది అపెండ్. అంటే చివర చేర్చుట. మన ఇన్‌వర్డు రిజిస్టరును తలచుకోండి. వచ్చిన ప్రతి టపాకూ కింద మరుసటి వరుస, మరుసటి నెంబరు. మధ్యలో దూర్చరాదు, పైన దిద్దరాదు. ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి రిజిస్టరు చూసి "చివరి నెంబరు 212, కాబట్టి నాది 213" అనుకుంటే ఒకే వరుసలో ఇద్దరూ రాస్తారు. అపెండ్ ఫ్లాగు పెట్టి తెరిస్తే ఆ గొడవ లేదు. చివర ఎక్కడున్నదో చూచుట, అక్కడ రాయుట, ఈ రెండు పనులనూ కెర్నల్ ఒకే ఊపిరిలో చేస్తాడు. మధ్యలో ఇంకొకరు దూరే సందు ఉండదు.

రెండవది ట్రంక్. అంటే ఉన్నదంతా తుడిచి ఖాళీ చేసి ఇమ్మని. ఇది ప్రమాదకరమైన చీటీ. మీరింకా ఒక్క అక్షరం రాయకముందే, తెరవడంతోనే పాత విషయమంతా పోతుంది. ఆ తర్వాత కరెంటు పోయినా, మీరు మనసు మార్చుకున్నా పాతది తిరిగిరాదు. ఇంకొక సంగతి చూడండి. ఫైలు తెరిచిన తర్వాతనే తాళం అడగగలం. తాళం అడిగేలోపే ఈ చీటీ ఫైలును తుడిచేసి ఉంటుంది. లోపల ఇంకొకరు రాస్తున్నా సరే. అందుకని తెలిసినవాళ్ళు ముందు మామూలుగా తెరిచి, తాళం వేసుకొని, ఆ తర్వాతనే తుడుస్తారు. స్లేటు తుడిచే ముందు "ఇది ఎవరిది?" అని అడగమని బడిపిల్లలకు చెప్తాం గదా, అదే నీతి.

మూడవది ఎక్స్‌క్లూజివ్. దీన్ని "పుట్టించు" అనే ఫ్లాగుతో జతచేసి వాడుతారు. "ఈ పేరుతో ఫైలు లేకపోతేనే పుట్టించు, ఉంటే నాకు లేదని చెప్పు" అని దీని అర్థం. ఉన్నదా లేదా అని ముందు చూసి, తర్వాత పుట్టించవచ్చు గదా అని నేనడిగినాను. "చూడటానికీ చేయటానికీ మధ్య ఇంకొకడు వస్తే?" అన్నాడు మనుమడు.

ఈ సందు ఎంత పెద్దదో రెవిన్యూలో పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. 2020 వరకు మన దగ్గర వ్యవసాయ భూమి అమ్మితే రిజిస్ట్రేషను సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో జరిగేది. 1998లో కార్డ్ పేరుతో ఆ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చినా, మ్యుటేషను మాత్రం తహశీలు ఆఫీసులో వేరుగా జరిగేది. రిజిస్ట్రేషను అయిన నాటినుండి పహాణీలో పేరు మారేనాటికి నెలలు గడిచేవి. ఆ నెలల్లో పహాణీ చూసినవాడికి పాత పట్టాదారే కనిపిస్తాడు. అదే భూమిని రెండోసారి అమ్మినవాళ్ళను, కొని మోసపోయి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళను మనం చూసినాం. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చిన తర్వాత వ్యవసాయ భూములకు రిజిస్ట్రేషను, మ్యుటేషను రెండూ తహశీల్దారు ముందర ఒకే కూర్చున్నప్పుడు జరిగే పద్ధతి పెట్టినారు. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. వాటి మంచిచెడ్డలు చర్చించే వేదిక ఇది కాదు. చూచుట, చేయుట ఒకే పనిగా ఉండాలనే సూత్రం మాత్రం ఎక్స్‌క్లూజివ్ ఫ్లాగులో ఉన్నదే.

ఇప్పుడు 1978 సంగతికి వస్తాను. ఏ ఊరో, ఏ ఆఫీసో చెప్పను. తప్పు నాది గనుక ఆఫీసు పేరుతో పనిలేదు.

భూసంస్కరణల సీలింగు చట్టం 1975 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. మిగులు భూమిని భూమిలేని పేదలకు పంచే ఫైలు ఒకటి మా ఆఫీసులో నడుస్తున్నది. అర్హుల జాబితాలో 43 పేర్లు. దాన్ని కాలములు గీసి, ఫెయిర్ కాపీ తయారుచేసి టైపుకు ఇవ్వడం నా పని. పగలు జనంతో ఆఫీసులో ఊపిరాడేది కాదు. అందుకని జాబితాను రెండు ఫుల్‌స్కేపు కాగితాలమీద ఎత్తిరాసుకొని ఇంటికి తీసుకుపోయినాను. ఫైలు బీరువాలోనే ఉంది. ఫైలు ఇంటికి తీసుకుపోలేదు గనుక రూలు తప్పలేదని నా ధీమా.

మర్నాడు నేను సెలవు. ఆరోజే గిర్దావరు రిపోర్టు వచ్చింది. విచారణలో ఒకాయన పేరు తప్పిపోయిందని, ఆయన అర్హుడేనని, చేర్చాలని. నా పక్క సీటు మిత్రుడు ఫైలు తీసి, జాబితాలో 44వ పేరుగా ఎక్కించి, అధికారి ఇనిషియల్ కూడా తీసుకున్నాడు. ఆయన తప్పు రవ్వంత లేదు.

మూడోనాడు నేను వచ్చినాను. రాత్రి కూర్చొని రెండు సర్వే నెంబర్లు కూడా సరిచేసిన నా కాగితాలు నా దగ్గర ఉన్నవి. టైపుకు ఇచ్చినాను. టైపయినాక కంపేరింగు కూడా చేసినాను. దేనితో? నా కాగితాలతోనే. అక్షరం తేడా లేదు. ఫైల్లో పాత జాబితా తీసి కిందికి వేసి, నా టైపు జాబితా పైన పెట్టి సంతకానికి పంపినాను. 43 పేర్లతో ఉత్తర్వులు వెళ్ళిపోయినవి.

నెలరోజులకు ఆ 44వ మనిషి వచ్చినాడు. "సారూ, నా పేరు ఎక్కిందని గిర్దావరు సారు చెప్పిండు. పట్టా ఏది?" అన్నాడు. జాబితా తీసి చూస్తే పేరు లేదు. లేదని చెప్పి పంపినాను. కింద ఉన్న పాత జాబితా తీసి చూడాలని ఆరోజు నాకు తోచలేదు. మళ్ళీ వచ్చినాడు, మళ్ళీ పంపినాను. మూడోసారి వచ్చినప్పుడు నా పక్క సీటు మిత్రుడే విని, "అరే, నేనే ఎక్కించిన గదా!" అని లేచి ఫైలు తీసినాడు. అప్పుడు బయటపడింది. పేరు చేర్చాలని తిరిగి రాసినాం. కాని అప్పటికి ఆ విడత ముగిసింది. మరుసటి విడత వచ్చేసరికి ఆయన ఊళ్ళో లేడు. మేస్త్రీ వెంట భార్యతో సహా ఎక్కడిదో డ్యాము పనికి పోయినాడు. పాలమూరు లేబరు అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ నేను చెప్పనక్కరలేదు.

తిరిగి వచ్చినాక పట్టా అందుకున్నాడు. అందుకునేరోజు నన్ను తిట్టలేదు. "రెండు వానకాలాలు పాయె సారూ" అన్నాడు. అంతే. నాకు ఒక మెమో కూడా రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

మొన్న మనుమడు చెప్పేదాకా ఈ జబ్బుకొక పేరుందని నాకు తెలియదు. లాస్ట్ అప్‌డేట్ అంటారట. మన మాటలో పోయిన దిద్దుబాటు. ఇద్దరూ పాత ప్రతి చదువుతారు. ఒకరు దిద్ది పెడతారు. రెండవవారు తాము చదివిన పాతదానినే దిద్ది, దానిమీద పెడతారు. ఇద్దరూ నిజాయితీపరులే. ఇద్దరి పనీ విడిగా చూస్తే తప్పు లేదు. పోయేది మాత్రం మూడోవాడిది.

దీనికి మందు తాళం. కంప్యూటరులో ఫైలుకు వేసే తాళాలు రెండు రకాలు. ఒకటి చదివేవారి తాళం. దీన్ని ఎంతమందైనా కలిసి వేసుకోవచ్చు. పదిమంది చదివితే కాగితం అరగదు గదా. రెండవది రాసేవారి తాళం. దీన్ని ఒక్కరే వేసుకోవాలి. అది పడి ఉన్నంతసేపు మిగతావారికి రాసే తాళం గాని, చదివే తాళం గాని దొరకదు. "తాళం వచ్చేదాకా కూర్చుంటాను" అని వరుసలో కూర్చోవచ్చు. "లేకపోతే లేదని చెప్పండి, మళ్ళీ వస్తాను" అని కూడా అడగవచ్చు. 1983లో యూనిక్స్ యొక్క బర్కిలీ కూర్పులో మొత్తం ఫైలుకు తాళం వేసే ఫ్లాక్ అనే ఆదేశం వచ్చింది. 1988 నాటి పోసిక్స్ ప్రమాణంలో ఫైలులో కొంతభాగానికి, అంటే ఫలానా వరుస నుండి ఫలానా వరుస దాకా మాత్రమే తాళం వేసే పద్ధతి చోటుచేసుకుంది. రిజిస్టరంతా బిగించకుండా ఒక పేజీకి క్లిప్పు పెట్టినట్లన్నమాట.

మన సికింద్రాబాదు రైల్వే రిజర్వేషనే తీసుకోండి. కాన్సర్ట్ అనే సాఫ్టువేరు 1994లో మొదట అక్కడే పెట్టినారు. 1999 నాటికి దేశంలోని పెద్ద రిజర్వేషను కేంద్రాలన్నీ దానితో కలిసినవి. ఒక్క బెర్తు మిగిలి ఉండగా పది ఊళ్ళ కౌంటర్లలో పదిమంది ఒకేసారి అడిగితే, ఒక్కరికే టికెట్టు రావాలి. ఒకే బెర్తుమీద ఇద్దరు దిగి కొట్టుకోకుండా ఉన్నారంటే, లోపల ఎక్కడో ఆ ఒక్క వరుసకు తాళం పడి తెరుచుకున్నదన్నమాట.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు నన్ను ఆశ్చర్యపరచిన సంగతి చెప్తాను. ఈ తాళాలు మన బీరువా తాళాల వంటివి కావు. యూనిక్స్, లినక్స్ దారిలో ఇవి కేవలం మర్యాద తాళాలు. తాళం ఉందా అని అడిగినవారికే ఉందని చెప్తాడు కెర్నల్. అడగకుండా నేరుగా వచ్చి రాసేవాణ్ణి ఆపడు.

"ఇదేం తాళం?" అన్నాను. మనుమడు ఆలోచించి, "బస్సులో తువ్వాలు వేయడం తాతా" అన్నాడు. అప్పుడు అర్థమైంది. అచ్చంపేట బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటుమీద తువ్వాలు వేస్తాం. ఆ తువ్వాలుకు ఏమి బలముంది? చిటికెనవేలితో తీసి పారేయవచ్చు. అయినా ఇంతమంది దాన్ని చూసి ఆ సీటులో కూర్చోకుండా పోతున్నారంటే, అందరూ ఒప్పుకున్న మర్యాద గనుక. ఒప్పుకోనివాడు ఒక్కడు ఎక్కితే తువ్వాలు గతి అంతే.

మరి గట్టి తాళం లేదా? ఉండేది. మన మన్ననూరు చెక్‌పోస్టు వంటిది. పులుల అడవి గనుక రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు శ్రీశైలం రోడ్డుకు అక్కడ గేటు పడుతుంది. మీరు అడిగినా అడగకున్నా, తెలిసినా తెలియకున్నా బండి ఆగవలసిందే. అట్లాంటి నిర్బంధ తాళం లినక్స్‌లోనూ ఉండేది. కాని దాన్ని వాడినవారు తక్కువ, అందులో లొసుగులు ఎక్కువ. చివరకు 2021లో, 5.15 అనే కూర్పులో దాన్ని పూర్తిగా తీసివేసినారు. తువ్వాలు మిగిలింది, గేటు పోయింది.

ఇంకొకటి వినండి. యూనిక్స్ తయారుచేసిన ఆ ఇద్దరు పెద్దలు 1974లో తమ వ్యవస్థను గురించి ఒక వ్యాసం రాసినారు. తాము ఫైళ్ళకు తాళాలు పెట్టలేదని, తమ పరిసరాలలో అవి అవసరమూ కావు, సరిపోవు కూడా అని అందులో వాదించినారు. అవసరం ఎందుకు లేదంటే, వేరువేరు మనుషులు కలిసి నడిపే ఒకే పెద్ద ఫైలు తమ దగ్గర లేదన్నారు. ఆ మాట తర్వాత నిలువలేదు. రైల్వేలు, బ్యాంకులు, ఆఫీసులు వచ్చినాక తాళాలు పెట్టక తప్పలేదు. కాని సరిపోవు అన్నదానికి వారు చెప్పిన కారణం విని నేను కొంతసేపు మాట్లాడలేకపోయినాను. ఇద్దరూ ఫైలుకు ఒక నకలు తీసుకొని, ఆ నకలుమీద దిద్దుతుంటే, అసలు ఫైలుకు మామూలు తాళం ఉండి ఏమి లాభం అన్నారు.

అది నా 1978 నాటి పనే గదా! ఫైలు బీరువాలో భద్రంగా ఉంది. బీరువాకు తాళం ఉంది. తప్పు జరిగింది నా ఇంట్లో, రెండు ఫుల్‌స్కేపు కాగితాలమీద. అందుకని తాళం ఉండటం ఒక్కటే చాలదు. చదివే క్షణంనుండి తిరిగి రాసిపెట్టే క్షణందాకా దాన్ని విడవకుండా పట్టుకొని ఉండాలి. మధ్యలో విడిచినవాడు మళ్ళీ మొదటినుండి చదవాలి. నేను మూడోనాడు పొద్దున ఫైలు తెరిచి ఒక్కసారి చూసి ఉంటే 44వ పేరు కనిపించేది. నాకు పట్టవలసింది రెండు నిమిషాలు. ఆయనకు పట్టింది రెండు వానకాలాలు.

తాళాల విషయంలో మరి రెండు ఇబ్బందులు చెప్పి ముగిస్తాను. బీరువా తాళంచెవి జేబులో వేసుకొని సెలవుమీద పోయిన గుమాస్తాలు మీకు తెలుసు. ఆఫీసంతా ఆయన ఇంటికి మనిషిని పంపవలసిందే. కంప్యూటరులో ప్రోగ్రాము మధ్యలో చచ్చిపోతే దాని తాళాలన్నీ కెర్నలే తీసేస్తాడు. మనిషి బస్సు దిగితే తువ్వాలు దానంతటదే లేచిపోయినట్లు. ఈ సుగుణం మన ఆఫీసుల్లో లేదు. కాని కొందరు కెర్నల్ తాళానికి బదులు "నేను వాడుతున్నాను" అని ఒక చిన్న ఫైలు పుట్టించి గుర్తుగా పెడతారు. ఇందాక చెప్పిన ఎక్స్‌క్లూజివ్ ఫ్లాగు దీనికే ఎక్కువగా వాడుక. పెట్టినవాడు చచ్చినా ఆ గుర్తు అట్లనే ఉంటుంది. వెనుక వచ్చినవారు ఎవరో ఉన్నారనుకొని కాచుకొని కూర్చుంటారు.

రెండవది, ఒకరికొకరు అడ్డం పడటం. నా దగ్గర సర్వీసు రిజిస్టరుంది, నాకు లీవు ఫైలు కావాలి. మీ దగ్గర లీవు ఫైలుంది, మీకు సర్వీసు రిజిస్టరు కావాలి. నేను మీ కోసం, మీరు నా కోసం కాచుకుంటాం. దీనికి డెడ్‌లాక్ అని పేరు. పోసిక్స్ తాళాలలో కెర్నల్ దీన్ని పసిగట్టి, రెండవసారి అడిగినవాడికి "నువ్వు కాచుకుంటే ఇద్దరూ ఇట్లనే ఉండిపోతారు" అని చెప్పి తిప్పి పంపుతాడు. ఫ్లాక్ తాళాలకు ఆ తెలివి లేదు. మన ఆఫీసుల్లో ఆ పని హెడ్ క్లర్కు చేయవలసింది. ఇద్దరు గుమాస్తాల మధ్య అట్లా చిక్కి, రిటైరై ఏడాదైనా పెన్షను కాగితాలు కదలనివారు ఈ సభలోనే ఉన్నారు. వారు చప్పట్లు కొట్టనక్కరలేదు, కూర్చోండి.

మిత్రులారా, ఇదంతా ఎందుకు చెప్పినానంటే, మన సంఘంతో ఒక పని ఉంది. మన సభ్యుల జాబితా ఒకటి కార్యదర్శి గారి కంప్యూటరులో ఉంది. దాని నకలు కోశాధికారి గారి పెన్‌డ్రైవులో ఉంది. ఇంకొకటి ఎవరి ఫోనులోనో ఉంది. ఎవరైనా కాలం చేస్తే వారి భార్య పేరును ఫ్యామిలీ పెన్షనరుగా ఒకరు ఒక జాబితాలో ఎక్కిస్తారు. ఇంకొకరు అదేవారం మారిన ఫోను నెంబర్లను మరొక జాబితాలో దిద్దుతారు. సంవత్సరాంతంలో ఏదో ఒకటి అచ్చుకు పోతుంది. నిరుడు అచ్చయిన జాబితాలో ఒక సోదరి పేరు లేదు. లైఫ్ సర్టిఫికెటు గడువు గుర్తుచేస్తూ మనం పంపిన కబురు ఆమెకు అందలేదు. ఆమె ఇక్కడికి వచ్చినారు, ఏమీ అనలేదు. అనకుండా కూర్చున్నవారిని చూస్తే నాకు ఇప్పటికీ భయం.

కాబట్టి నా మనవి ఒక్కటే. జాబితా ఒకటే ఉండాలి, ఒకరి దగ్గరే ఉండాలి. దిద్దాలనుకున్నవారు ఆయనకు చెప్పి, దిద్దేంతసేపు ఇంకొకరు ముట్టకుండా చూసుకోవాలి. నకళ్ళు చదువుకోవడానికి ఎన్నైనా తీసుకోండి, కాని నకలుమీద దిద్ది అసలు మీద పెట్టవద్దు. ఇది కెర్నల్ చేసిపెట్టే పని కాదు. తువ్వాలు వేయడం యంత్రానికి నేర్పవచ్చు, తువ్వాలు చూసి ఆగడం మనమే నేర్చుకోవాలి.

అచ్చుకు పంపేముందు ఈసారి కంపేరింగు నేను చేస్తాను. నకలుతో కాదు, అసలుతో. ఆ అవకాశం నాకు ఇవ్వవలసిందిగా కార్యదర్శి గారిని కోరుతున్నాను.